బట్టీ పట్టకు, తడిమి చూడు

చిన్నీ,

పుర్రె, వెన్నెముక, ఛాతీ అన్నీ కలిపి 80 ఎముకల పేర్లు తలకెక్కడం లేదని, విసుగొచ్చి పుస్తకం మూసేశానని అన్నావు. మంచి పనే చేశావు. ఒంట్లో ఉన్న 206 ఎముకల్లో నడిమి వరుసలో నిలిచే ఈ 80 ఎముకల్ని పేర్లుగా చదివితే ఎవరికైనా విసుగే. ఒక్క ప్రశ్న పట్టుకుని చదువు: ఈ ఎముక దేన్ని కాస్తోంది? ఆ కాపలా కోసం ఎంత కదలికను వదులుకుంది?

పుర్రెను చూడు. మెదడు చుట్టూ 8, ముఖంలో 14 ఎముకలు. ఈ 22లో కదిలేది కింది దవడ ఒక్కటే. మిగతావి వంకరటింకర అతుకులతో బిగుసుకుపోయాయి. ఆ దవడను నీ వేళ్లతో గడ్డం మీదుగా ఒక చెవి నుంచి మరో చెవి దాకా తడిమి చూడు, ఎక్కడా కీలు తగలదు. అయినా అది రెండు ఎముకలని ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ రాసిన మాటనే వందల ఏళ్లపాటు చదువుకున్నారు. శవాల్ని స్వయంగా కోసి చూసిన వైద్యుడు వెసాలియస్ 1543లో అచ్చయిన తన గ్రంథంలో, మనిషికి అది ఒకటే ఎముక అని చూపించాడు.

ఈ బిగింపు పుట్టుకతో వచ్చింది కాదు. నువ్వు పుట్టిన కొత్తలో నీ తల నిమురుతుంటే మాడు దగ్గర ఎముక ఉండేది కాదు. మెత్తటి పొర నా వేలి కింద నాడిలా కొట్టుకునేది. కాన్పు సమయంలో కపాలం ఎముకలు ఒకదాని మీదికొకటి కాస్త జరిగి తల బయటికి రావాలి, ఆ తర్వాత మెదడు వేగంగా పెరగాలి. అందుకే ఆ ఖాళీలు. వెనకవైపుది రెండు మూడు నెలల్లో మూసుకుంటుంది, ముందుది చాలామందికి రెండేళ్లలోపు. పసిబిడ్డను చూసిన డాక్టరు మాడు మీద చెయ్యి వేసేది ఊరికే కాదు. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే అది గుంట పడుతుంది, తల లోపల ఒత్తిడి పెరిగితే ఉబ్బుతుంది.

ఇంత గట్టి కాపలాలోనూ ఒక పలుచటి చోటుంది. కణత మీద వేలు పెట్టు. నాలుగు ఎముకలు అక్కడే కలుస్తాయి, వాటి వెనకాలే ఒక ధమని పోతుంది. అక్కడ ఎముక చిట్లి ఆ ధమని తెగితే, దెబ్బ తిన్న మనిషి కాసేపు మామూలుగా మాట్లాడుతూనే ఉండి గంటల్లో కుప్పకూలిపోవచ్చు. కణతకు గట్టి దెబ్బ తగిలినవాళ్లు "నాకేం కాలేదు" అంటే నమ్మకు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మెడ దగ్గరికొచ్చేసరికి బేరం తిరగబడుతుంది. ఇక్కడ కదలికే ముఖ్యం, కాపలా తగ్గింది. 7 వెన్నుపూసలు, జిరాఫీకీ అన్నే. "ఊఁ" అని తలూపినప్పుడు కదిలేది పుర్రెకూ మొదటి పూసకూ మధ్య. "ఊహూఁ" అని అడ్డంగా తిప్పినప్పుడు మొదటి పూస, రెండో పూస నుంచి పైకి లేచిన మేకు చుట్టూ తిరుగుతుంది. మెడ తిరగడంలో దాదాపు సగం ఆ ఒక్క కీలు దగ్గరే. ఆ మేకుకు వెనకే వెన్నుపాము, మధ్యలో అడ్డంగా ఒక స్నాయువు, అంటే ఎముకల్ని పట్టి ఉంచే గట్టి పట్టీ. ప్రమాదంలో పడ్డవాళ్ల తల ఎత్తి నీళ్లు తాగించకూడదని ఇందుకే చెబుతారు. ఇప్పుడు తల ముందుకు వంచు. మెడ అడుగున పైకి తేలే బుడిపె చాలామందిలో ఏడో పూసది. పూసల్ని లెక్కపెట్టాలంటే అక్కడి నుంచి మొదలుపెట్టు.

ఛాతీ కాపలా కాస్తూనే కదలాలి, లేకపోతే ఊపిరాడదు. 12 జతల పక్కటెముకల్లో పై ఏడు నేరుగా, తర్వాతి మూడు పైవాటి మృదులాస్థిని (ఎముక చివరి మెత్తటి భాగాన్ని) పట్టుకుని రొమ్ము ఎముకను చేరతాయి. చివరి రెండూ ముందువైపు దేన్నీ అంటవు. అంతే, ఇక్కడ కష్టమేమీ లేదు.

నడుం 5 పూసలూ బరువు మోసేవి, అందుకే అంత లావు. పొద్దంతా నిలబడితే పూసల మధ్య మెత్తటి బిళ్లల్లాంటి డిస్కులు నీరు వదిలి పలుచబడతాయి. పడుకుని లేచేసరికి మళ్లీ పీల్చుకుంటాయి. పొద్దున కొలిస్తే రాత్రికన్నా సెంటీమీటరు వరకు పొడవుంటావు, కొలుచుకో. వెన్నుపాము మాత్రం పెద్దవాళ్లలో నడుం మొదటి, రెండో పూసల దగ్గరే ఆగిపోతుంది. కింద ఉన్నవి నరాల పోగులే. మెదడువాపు అనుమానంతో ద్రవం తీసే సూదిని మూడో, నాలుగో పూసల మధ్య గుచ్చేది అందుకే. ఇది తెలిసిన మనిషి ఆ సూదికి భయపడనక్కర్లేదు.

మెడ 7, ఛాతీ వెనక 12, నడుం 5 పూసలకు కింద త్రికం (నడుం కింది ముక్కోణపు ఎముక), తోక ఎముక కలుపుకుంటే వెన్నులో 26, ఛాతీలో 25, పుర్రెలో 22, రెండు చెవుల్లో 6. ఇంకొకటి తగ్గింది కదా? అది గొంతులోని హయాయిడ్. నా ప్రశ్నకు ఇది లొంగదు. ఏ ఎముకతోనూ కీలు లేదు, దేన్నీ కాయదు. కండరాలు, స్నాయువుల మీద వేలాడుతూ నాలుకకు ఆధారమిస్తుంది. గడ్డం కింద, గొంతు మలుపు దగ్గర రెండు వేళ్లు మెల్లగా ఆనించి గుటక వెయ్యి, పైకి లేస్తుంది. దొరక్కపోతే రాత్రి ఫోన్ చెయ్యి, చెబుతాను.

ప్రేమతో,
అమ్మ