రాక్ పాటల్లో బైబిలు: మూలం చూసి రాయండి

సంపాదకులకు,

రాక్ సంగీతం గురించి పత్రికల్లో రాసేవారు పాటలో 'జీసస్' అని వినబడగానే దాన్ని క్రైస్తవ గీతాల్లో కలిపేస్తున్నారు. ఆ మాట లేకపోతే బైబిలుతో సంబంధమే లేదనుకుంటున్నారు. రెండూ పొరపాటే.

యూటూ బృందం 1983లో తెచ్చిన 'వార్' ఆల్బమ్‌లో చివరి పాట పేరు '40'. చరణాలకు మూలం బైబిలు కీర్తనల గ్రంథంలోని 40వ కీర్తన మొదటి మూడు వచనాలు. ఊబిలోంచి పైకెత్తడం, పాదాలను బండ మీద నిలపడం, నోట కొత్త గీతం ఉంచడం అన్నీ అక్కడివే. పల్లవిలోని 'ఎంతకాలం' అన్న ప్రశ్న మాత్రం 6వ కీర్తన 3వ వచనం నుంచి వచ్చింది. స్తుతికి మొరను జతచేయడంలోనే ఆ పాట ప్రాణం ఉంది. విడుదల పొందినవాడే 'ఇంకెంతకాలం' అని అడుగుతున్నాడు! పేరులోని అంకె చూసి 40వ కీర్తన ఒక్కటే తిరగేసినవారికి ఇది అందదు.

బర్డ్స్ బృందం 1965లో పాడిన 'టర్న్! టర్న్! టర్న్!' దాదాపు మొత్తం బైబిలులోని ప్రసంగి గ్రంథం 3వ అధ్యాయం మొదటి ఎనిమిది వచనాలే. అందులో ఎక్కడా జీసస్ పేరు లేదు. పైగా ప్రసంగి యూదులకూ పవిత్ర గ్రంథమే. యుద్ధానికీ శాంతికీ సమయం ఉందని ప్రసంగి సమానంగా చెబుతాడు. బాణీ కట్టిన పీట్ సీగర్ చివర్లో సొంతంగా చేర్చిన ఒక్క వాక్యం పాటను శాంతి వైపు మొగ్గేలా చేసింది. ఇక 1969 నాటి 'స్పిరిట్ ఇన్ ద స్కై'లో జీసస్ పేరు నేరుగా ఉంది, రాసిపాడిన నార్మన్ గ్రీన్‌బామ్ మాత్రం యూదుడు. బాబ్ డిలన్ ఆల్బమ్ 'స్లో ట్రెయిన్ కమింగ్' (1979) సంగతి వేరు. అది క్రైస్తవం స్వీకరించాక చేసిన విశ్వాస ప్రకటన.

వాద్యాన్ని బట్టి తేల్చడం ఇంకా ప్రమాదం. 1935లో వచ్చిన హామండ్ ఆర్గన్ అనే విద్యుత్ వాద్యం ఖరీదైన గొట్టాల ఆర్గన్ కొనలేని చర్చిల్లోకి వెళ్లింది, అక్కడి నుంచి రాక్‌లోకి వచ్చింది. ప్రోకోల్ హారమ్ పాట 'ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్' (1967)లో ఆ ఆర్గన్ వింటే ఆరాధనలో కూర్చున్నట్టే ఉంటుంది. సాహిత్యంలో ప్రార్థన లేదు.

కాబట్టి సమీక్షకులు ముందు సాహిత్యాన్ని అచ్చులో చదవాలి. బైబిలు పోలిక తోస్తే అధ్యాయం తీసి, తీసుకున్న వచనాలతోపాటు వదిలేసిన వచనాలు, కవి కలిపిన మాటలు కూడా గుర్తించాలి. పాట దేవునితో మాట్లాడుతోందా, దేవుని గురించి మాట్లాడుతోందా, భక్తి పదాలతో మనిషి ప్రేమను చెబుతోందా అన్నది ఆ తర్వాత తేల్చాలి. గాయకుడి మతం ఆఖర్న చూస్తే చాలు. సమీక్ష కింద కీర్తన సంఖ్య, వచనం వేయడానికి ఒక్క పంక్తి పడుతుంది. ఆ చోటు ఇవ్వమని మీ పత్రికను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు