పడమటి కంచె జమా ఖర్చులు: కాలనీవాసులకు కమిటీ వివరణ

కాలనీవాసులందరికీ నమస్కారాలు. పడమటి వైపు చెక్క కంచె పని జూన్ మొదటి వారంలో పూర్తయింది. లెక్కలు అప్పుడే చెప్పి ఉండాల్సింది. మరలు (స్క్రూలు) అమ్మే కొట్టువాళ్ల బిల్లు ఆలస్యంగా వచ్చింది, కోశాధికారి ఇంట్లో పెళ్లి పడింది, ఈలోగా మాటలు లేచాయి. "ఒక్క కంచెను రెండుసార్లు కట్టి రెండుసార్లు తిన్నారు" అన్న మాట మా చెవిన కూడా పడింది. తిన్నది ఎవరో, తిననిది ఎవరో బిల్లులే చెబుతాయి. ఫైలు ప్రతి ఆదివారం పొద్దున పార్కు అరుగు మీద ఉంచుతాం, ఎవరైనా చూసుకోవచ్చు.

ముందుగా జమ.

ఇంటికి 6,000 చొప్పున 34 ఇళ్లకు అనుకున్నాం. పూర్తిగా ఇచ్చినవారు 29 ఇళ్లు: 1,74,000
సగం ఇచ్చినవారు 2 ఇళ్లు: 6,000
అమెరికాలోని ఫీనిక్స్‌లో ఉంటున్న మన కాలనీ అబ్బాయి పంపినది: 10,000
వినాయక చవితి నిధి నుంచి చేబదులు: 11,260
పాత ముళ్ల తీగ పాతసామానుకు అమ్మగా: 2,450
చెక్క ముక్కలు అమ్మగా: 1,300
మొత్తం జమ: రూ. 2,05,010

అడక్కముందే తెచ్చి చేతిలో పెట్టిన ఇళ్లు పన్నెండు ఉన్నాయి. వారికి ఎన్ని నమస్కారాలు చెప్పినా తక్కువే. ఇద్దరు పింఛనుదారులు ఒకటో తారీఖు సాయంత్రానికల్లా ఇచ్చేశారు. ఇక మూడు ఇళ్లు పూర్తిగా, రెండు ఇళ్లు సగం బాకీ. అంతా కలిపి 24,000. పేర్లు రాయడం లేదు. ఒక్క మాట మాత్రం అనకుండా ఉండలేకపోతున్నాం. బాకీ ఉన్నవారిలో ఒకరు అదే కంచె మీద రోజూ దుప్పట్లు ఆరేస్తున్నారు. తడిబట్ట పడినచోట నూనె పూత పోయి మచ్చలు పడుతున్నాయి. డబ్బు సంగతి తర్వాత, ముందు దుప్పట్లు తీయించండి.

ఇప్పుడు ఖర్చు. మొదటి విడత, అంటే దసరా వరకు:

పాత టేకు గుంజలు 41, ఒక్కోటి 1,400: 57,400
వేప పలకలు 576, ఒక్కోటి 95: 54,720
అడ్డపట్టీలు 720 అడుగులు, అడుగు 25: 18,000
సిమెంటు 15 బస్తాలు, ఇసుక, కంకర: 11,600
గుంజల అడుగుకు తారు: 1,150
చెదల మందు: 1,900
బండి బాడుగలు: 4,200
వడ్రంగం: 15,000
మేకులు: 1,820
గుంతల తవ్వకం: 10,600

గుంతలకు ముందు అనుకున్నది 4,920. రెండింతలు దాటింది. అడుగున్నర దాకా ఎర్రమట్టి మెత్తగా దిగింది. కింద సుద్దతో గట్టిపడిన గరుసు తగిలింది. గడారి వేస్తే నిప్పురవ్వలు లేచాయి గానీ మట్టి లేవలేదు. గుంజ పొడవు ఏడున్నర అడుగులు. అందులో మూడో వంతు, రెండున్నర అడుగులు, భూమిలో ఉండాలి. దాని కింద ఆరంగుళాల కంకర. అంటే గుంత మూడడుగులు. "రెండడుగులు చాలదా?" అన్నారు కొందరు. ఆషాఢం గాలి ఎట్లా కొడుతుందో ఇక్కడ పుట్టినవాళ్లకు వేరే చెప్పాలా? రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు. కూలీలు గుంతకు 200 కంటే తగ్గం అన్నారు, న్యాయమే. గట్టినేల పగలగొట్టే బ్రేకర్‌కు రెండు రోజుల బాడుగ 2,400. గుంజ కాళ్లకు పోసిన కాంక్రీటును నేల కంటే కొంచెం ఎత్తుగా, చుట్టూ వాలుగా పోయించాం, వాన నీళ్లు గుంజ మొదట్లో నిలవకుండా. వారం రోజులు తడి గోనెలు కప్పింది ఆడవాళ్లే. దానికి పైసా ఖర్చు లేదు.

మొదటి విడత మొత్తం: రూ. 1,76,390

అసలు చెక్క ఎందుకన్నది చాలామంది ప్రశ్న. మన వైపు కంచె అంటే రాతి కూసాలు, ముళ్ల తీగ. లక్షలోపే అయిపోయేది, కాదనం. కానీ ఇదివరకు ఉన్నది ముళ్ల తీగే కదా. దాని కింద నుంచి పందులు వచ్చాయి, మధ్యలోంచి దుమ్ము వచ్చింది, పిల్లల చొక్కాలు చిరిగాయి. ఇటుక గోడ అయితే నాలుగు లక్షలకు తగ్గదన్నారు. పైగా ఆ గట్టు వెంబడే తాగునీళ్ల పైపు పోతోంది, పునాది తవ్వితే పైపు మాటేమిటి? ఇంకో సంగతి, పడమటి ఎండకు గోడ సాయంత్రం దాకా కాగి, ఆ వేడి రాత్రి పదింటి దాకా ఇళ్ల మీదికి కక్కుతుంది. చెక్క అంత వేడిని దాచుకోదు, సందుల్లోంచి గాలి ఆడుతుంది. ఫీనిక్స్ అబ్బాయి వాళ్ల వీధి ఫొటోలు పంపించాడు. అది 2023లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటిన ఎడారి ఊరు. వాళ్ల వీధిలో ఇళ్ల వెనక చెక్క కంచెలే. అక్కడా తవ్వితే మన గరుసులాంటిదే తగులుతుందట, కలీచీ అంటారట. మన జిల్లా ఎడారి కాకపోయినా, సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే చోటు. అక్కడ నిలబడినది ఇక్కడ నిలబడదా అనుకున్నాం. మాలో ఒకరికి చెక్క కంచె ముచ్చట ఉన్న మాట కూడా నిజమే. ముచ్చట ఒక్కదానికే ఓటు వేయలేదు.

ఇక అందరూ అడుగుతున్న రెండో విడత.

పలకలు కోత మిల్లు నుంచి సెప్టెంబరులో తెచ్చాం. మనకు ఏడాదిలో ఎక్కువ వానలు పడేది ఆ నెలలోనే. పలకలు పచ్చిగా ఉన్నాయి. వడ్రంగి మేస్త్రీ చూడగానే చెప్పాడు: "సార్, వీటిని నీడన, మధ్యలో చువ్వలు పెట్టి పేర్చి, రెండు మూడు నెలలు వదిలేయండి. ఆరినాక బిగిద్దాం." మేం వినలేదు. వినలేకపోయాం అంటే సరిగ్గా ఉంటుంది. ఆ రోజుల్లో మాకు వచ్చిన ఫోన్లు మీకు గుర్తుండే ఉంటాయి. "డబ్బులిచ్చి నెలన్నర అయింది, కంచె ఏదీ?" "పలకలు మీ వరండాలో ఎందుకున్నాయి?" ఒకరైతే రాత్రిపూట వచ్చి పలకలు లెక్కపెట్టి వెళ్లారు. దసరాలోపు నిలబెట్టాలన్న పట్టుదలతో మేస్త్రీని తొందరపెట్టాం. సందు లేకుండా అంచుకు అంచు ఆనించి, మామూలు ఇనుప మేకులతో కొట్టించాం. పండగ రోజు ఎంత అందంగా ఉందో మీరే ఫొటోలు దిగారు.

శివరాత్రి దాటాక పగుళ్లు మొదలయ్యాయి. ఉగాదికి పలకల మధ్య వేలు పట్టే సందులు. చెక్క ఆరితే పొడవు తగ్గదు, వెడల్పు తగ్గుతుంది. ఐదంగుళాల పలక నాలుగూ ముప్పావుకు వచ్చింది. రెండు అంచుల్లోనూ మేకులు బిగిసి ఉండటంతో కుదించుకునే దారి లేక నడిమికి చీలింది. చీలనివి దోనెల్లా వంగి మేకుల్ని బయటికి లాగాయి. మేకుల చుట్టూ తుప్పు, నల్లటి చారలు.

దీనికి ఒక సాక్ష్యం ఉంది. బిగించే ముందు మన కిరాణా అంగడి పిల్లవాడు సరదాకు ఒక పలకను తూకం వేసి, దాని వీపు మీద పెన్సిల్‌తో 4 కేజీల 300 అని రాశాడు. మే నెలలో ఊడదీసినప్పుడు అదే పలక దొరికింది. అదే త్రాసు మీద 3 కేజీల 250. కేజీ పైన ఎగిరిపోయింది నీళ్లే. ఆ పలక ఉత్తరం మూల నుంచి మూడోది, రాత ఇంకా కనిపిస్తుంది, నమ్మనివాళ్లు వెళ్లి చూడండి.

"పగుళ్లు ఫిబ్రవరిలో కనిపిస్తే మే దాకా ఏం చేశారు?" అని అడిగారు. ఏమీ చేయలేదు, కావాలనే. సగం ఆరిన చెక్కను ఊడదీసి మళ్లీ బిగిస్తే మళ్లీ అదే కథ. ఎండలు ముదిరి, అది ఎంత కుదించుకోవాలో అంత కుదించుకున్నాకే చేయి పెట్టాలని ఈసారి మేస్త్రీ మాట విన్నాం. మే ఆఖరి వారంలో మొదలుపెట్టాం, ఆషాఢం గాలికి ముందే ముగించాం.

ఊడదీత, మళ్లీ బిగింపు కూలి, గుత్తకు: 16,500
తుప్పు పట్టని మరలు 34 పెట్టెలు, పెట్టె 260: 8,840
డ్రిల్లు బిట్లు: 640
అవిసె నూనె 30 లీటర్లు: 5,700
రంగు పొడి, టర్పెంటైన్: 1,450
పూత కూలి: 4,800
కాలిన బకెట్: 180
రెండో విడత మొత్తం: రూ. 38,110

పని పాడుచేసినవాడికే మళ్లీ పని ఇచ్చారేమని నిలదీశారు. పాడుచేసింది అతను కాదు, మేం. చెప్పినవాడి మాట కాదని చేయించి, ఆ నేరం అతని నెత్తిన పెట్టి ఉచితంగా చేయమనడానికి మాకు నోరు రాలేదు. ఇప్పుడు పలకకూ పలకకూ అరంగుళం సందు ఉంది. ప్రతి మర కోసం ముందు దానికంటే కొంచెం పెద్ద రంధ్రం తొలిచి, అంచుల్లో కాకుండా నడుమకు దగ్గరగా బిగించాడు. వానకు ఉబ్బినా ఎండకు కుదించుకున్నా పలక కదలడానికి చోటుంది. పలకకు ఆరు మరలు, 549 పలకలు. చెయ్యి బొబ్బలెక్కినా గుత్త పెంచమని అడగలేదు.

కొత్త పలక ఒక్కటి కూడా కొనలేదన్నది గమనించాలి. 576లో చీలి పనికిరాకుండా పోయినవి 22. సందులు పెట్టడం వల్ల మొత్తంగా తక్కువ పలకలే పట్టాయి. పలకల కింద నేలకు తగలకుండా రెండంగుళాలు వదిలి, మీమీ ఇళ్లలో మిగిలిన తాడిపత్రి బండముక్కలు పరిచాం. చెదలు పైకి పాకితే ఆ బండల మీద మట్టిదారి కనిపిస్తుంది, చూసినవాళ్లు వెంటనే చెప్పండి.

నూనె దగ్గర కూడా గొడవ జరిగింది. ఒట్టి నూనె పూస్తే చాలు, రంగు పొడి దండగ అన్నారు. ఒట్టి నూనె ఎండను ఆపదు, రెండు వేసవుల్లో చెక్క బూడిద రంగుకు తిరుగుతుంది. ఎండను అడ్డుకునేది ఆ రంగు పొడే. కాగిన చెక్క మీద నూనె ఇంకక ముందే పైపైన ఆరిపోతుంది కాబట్టి పడమటి ముఖం పొద్దున్నే, తూర్పు ముఖం సాయంత్రం పూయించాం. "పొద్దంతా కూర్చుని కూలి తీసుకున్నారు" అన్నవారు మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ పలకల మీద ఒకసారి చెయ్యి పెట్టి చూడాల్సింది.

బకెట్ సంగతి విని నవ్వినవాళ్లకు: నూనె తుడిచిన గుడ్డల్ని కుర్రాడు బకెట్‌లో కుక్కి పంపు గది పక్కన పెట్టాడు. సాయంత్రానికి పొగ. ఎవరూ అగ్గి పెట్టలేదు. అవిసె నూనె గుడ్డలు కుప్పగా పడుంటే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయట. ఫీనిక్స్ అబ్బాయికి చెబితే "అవును కదా అంకుల్, పరిచి ఆరేయాలి" అన్నాడు. ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా నాయనా!

మా తొందర వల్ల నిజంగా పోయిందెంత? 38,110 కాదు. నూనె, పూత ఎలాగూ వేయాల్సినవే. మరలు మొదటే కొనాల్సినవి. దండగపోయింది మొదటి మేకులు 1,820, రెండో కూలి 16,500, కలిపి 18,320. ఇంటికి 539 రూపాయలు. ఆ తప్పు కమిటీది, ఒప్పుకుంటున్నాం. తినడం మాత్రం ఒప్పుకోం.

మొత్తం ఖర్చు: రూ. 2,14,500
మొత్తం జమ: రూ. 2,05,010
లోటు: రూ. 9,490

ఈ లోటులో మేస్త్రీకి 5,000, మరల కొట్టుకు 4,490 ఇవ్వాలి. బాకీ 24,000 వస్తే ఆ రెండూ తీర్చి, చవితి నిధి 11,260 తిరిగి కట్టి, మిగిలే 3,250 రెండేళ్ల తర్వాత వేయాల్సిన పూతకు పక్కన పెడతాం. చవితి దగ్గర పడుతోంది. విగ్రహానికి బయానా ఇవ్వడానికి నిధిలో రూపాయి లేదని బాకీదారులు గుర్తుంచుకుంటే సంతోషం.

మిగిలిన ఐదు పలకలు, ఒక పెట్టె మరలు మరమ్మతు కోసం పంపు గదిలో పెట్టాం. గత వారం చూస్తే పలకలు నాలుగే ఉన్నాయి. తీసుకున్నవారు ఆదివారంలోపు తిరిగి పెట్టేయండి, ఎవరని అడగం.