మిఠాయి పనిని రాసిపెట్టుకోవాలి

సంపాదకులకు నమస్కారములు.

జపాన్‌లో తరతరాలుగా ఒకే కుటుంబం చేతిలో నడుస్తున్న మిఠాయి దుకాణాల గురించి ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. మిఠాయిల అందచందాలకు కేటాయించిన చోటులో సగమైనా, ఆ దుకాణాలు ఇన్నేళ్లు ఎలా నిలిచాయన్న సంగతికి ఇచ్చి ఉంటే, ఒడిశా సరిహద్దులో ఉన్న మావంటి తెలుగువారికి మరింత పనికివచ్చేది.

క్యోటోలో 16వ శతాబ్దపు తొలినాళ్లలో మొదలైన తొరాయా దుకాణాన్ని కురోకావా కుటుంబం నేటికీ నడుపుతోంది. చక్రవర్తి నివాసానికి మిఠాయిలు అందించే ఆ కుటుంబం, 1869లో రాజధాని టోక్యోకు తరలినప్పుడు క్యోటో అంగడిని మూయకుండానే అక్కడ మరొకటి తెరిచింది. యోకాన్ అనే వారి మిఠాయిలో పాలూ నెయ్యీ ఉండవు. మన మినుములకూ పెసలకూ దగ్గరి జాతి అయిన అజుకి అనే ఎర్ర గింజలను ఉడికించి, పొట్టు పోయేలా వడకట్టి, ఆ ముద్దలో చక్కెరనూ, మనం చైనాగ్రాస్ అని కొనుక్కునే సముద్రపు పాచి సారాన్నీ వేసి, అడుగంటకుండా కలియబెడుతూ దగ్గరపడేదాకా ఉడికించి, అచ్చుల్లో పోసి చల్లారబెడతారు. చేదు తేనీటితో తింటారు కాబట్టి వారికి ఆ తీపి సరిపోతుంది. ఒట్టిగా తింటే, తీపికి వెనుదీయని మనకే కాస్త ఎక్కువనిపించవచ్చు.

ఏ మిఠాయి ఏ రూపంలో ఉండాలో, దాని పేరేమిటో బొమ్మలతో చూపే పుస్తకాన్ని ఆ దుకాణంవారు 1695లోనే తయారుచేసుకున్నారు. పాత కాగితాలు, చిత్రాలు, పనిముట్లు భద్రపరచడానికి 1973లో ఒక ప్రత్యేక విభాగాన్నే నెలకొల్పారు.

పర్లాకిమిడిలో గాని, బరంపురంలో గాని, గుణుపురంలో గాని అటువంటి పుస్తకం ఏ మిఠాయి ఇంట్లోనైనా ఉన్నట్టు నేను వినలేదు. పాకం ఏ పదునులో దించాలో, ముసురు రోజుల్లో ఎంత మార్చుకోవాలో పెద్దల వేళ్లకే తెలుసు. వారి పిల్లల్లో చాలామంది ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకుని వేరే ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు, అందులో తప్పేమీ లేదు. సారెలో పెట్టే పంచదార చిలకల చెక్క అచ్చులు మాత్రం అటకల మీద పుచ్చిపోతున్నాయి. జపాన్‌లోనూ పిండీ చక్కెరా కలిపి చెక్క అచ్చుల్లో అద్ది తీసే ఎండు మిఠాయిలున్నాయి; ఆ అచ్చులు చెక్కేవారు అక్కడా కొద్దిమందే మిగిలారు.

ఒడిశా రసగోలాకు 2019లోనూ, ఆత్రేయపురం పూతరేకులకు 2023లోనూ భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా అని కొందరంటారు. సంతోషమే. కాని ఆ గుర్తింపు ఊరి పేరుతో ప్రసిద్ధికెక్కిన ఏ ఒకటి రెండు మిఠాయిలకో దక్కుతుంది తప్ప, రెండు భాషల మధ్య వీధి అంగళ్లలో బతుకుతున్న పనితనానికి దక్కదు.

అందుచేత మీ జిల్లా పేజీలో వారానికొక సరిహద్దు మిఠాయిని, దాని కొలతలు, పాకం పదును, పనిముట్ల ఫొటోలతో సహా, చేసేవారి అనుమతితో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఇక్కడి తెలుగు సంఘాలు అదే సమాచారాన్ని ఒడియా లిపిలోనూ రాయించి ఉంచితే ఆ ఇళ్ల పిల్లలు చదువుకోగలుగుతారు. గుట్టు బయటపడితే వ్యాపారం దెబ్బతింటుందని జంకే కుటుంబాలు కొలతలను రాసి తమ ఇంట్లోనే ఉంచుకోవచ్చు. అచ్చుల ఫొటోలకు ఆ అభ్యంతరం ఉండదు కాబట్టి, సంక్రాంతి లోపు వాటితోనే ఈ పని మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా