లాకుల తాతగారికి, ఎదురింటి పిన్నిగారికి, పంటు మీద జాకీ తెచ్చినవాడికి

రాద్దాం రాద్దాం అనుకుంటూ ఇవాళ్టికి కుదిరింది. ముందు ఒక మాట చెప్పేస్తాను. బండి కింద నలిగిన నా కాలు బాగానే ఉంది. మోకాలి కింద అరచేతంత మేర కమిలిపోయింది తప్ప ఎముకకేం కాలేదు. ఫోన్ చేసి అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పలేక ఇలా రాస్తున్నాను. అసలు నేను రుణపడ్డ వాళ్ళలో ఇద్దరికి ఫోన్లో ఇలాంటివి చదివే అలవాటు లేదు. వాళ్ళ పిల్లలెవరైనా చదివి వినిపించండి.

మాది ముక్తేశ్వరం దగ్గర పల్లెటూరు. నా బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. కంపెనీ లెక్కలో బరువు 195 కిలోలు. మన లెక్కలో 75 కిలోల ధాన్యం బస్తాలు రెండున్నర, పైన కాస్త మొగ్గు. ముందు షాక్ అబ్జార్బర్‌లో ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీలు పోయి, అది కారడం మొదలైంది. అది జారి డిస్కు మీద పడితే బ్రేకు పట్టదు, కాబట్టి వాయిదా వేయడానికి లేదు. నాలుగు వీడియోలు చూసి, ఇదెంత పని, ఇంట్లోనే మార్చేద్దాం అనుకున్నాను. సీలు మార్చడం నిజంగానే పెద్ద పని కాదు. ముందు చక్రం లేకుండా బండిని నిలబెట్టడమే పని. ఆ సంగతి నాకు బండి మీద పడ్డాక తెలిసింది.

పోయిన శనివారం రాత్రి వాన పడింది. ఆదివారం పొద్దున్న చూస్తే దొడ్లో నేల ఆరినట్టే కనిపించింది. మన ఒండ్రు నేల సంగతి తెలిసిందేగా, పైన పెంకు కట్టి లోపల వెన్నముద్దలా ఉంటుంది. వీడియోల్లో అందరి నేలలూ పలకలు పరిచి తళతళలాడుతుంటాయి, వాళ్ళకేం! డబుల్ స్టాండ్ వేద్దామని వెనక గొట్టం పట్టుకుని బలంగా లాగాను. స్టాండు ఎడమ కాలు మాత్రం బెత్తెడు దిగబడింది. బండి నా వైపు ఒరిగింది. వదిలేసి పక్కకి తప్పుకుంటే సరిపోయేది. కానీ ట్యాంకు మీద గీత పడుతుందన్న బాధ ముందొచ్చి, రెండు చేతులతో ఆపబోయాను. రెండున్నర బస్తాలు ఆగుతాయా! నన్ను కింద పడేసి, నా ఎడమ కాలి మీద అది పడుకుంది.

ఎదురింటి పిన్నిగారు అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. నేను అరిచానో లేదో గుర్తులేదు గానీ ఆవిడ కేక మాత్రం రేవు దాకా వినపడి ఉంటుంది. చెంగు దోపుకుంటూ పరుగున వచ్చి, ఆ వెనక గొట్టమే పట్టుకుని జానెడు లేపారు. ఆ జానెడు సందులోంచి కాలు లాక్కున్నాను. పిన్నిగారూ, తర్వాత రెండు రోజులు నడుముకి తైలం రాయించుకున్నారని మీ కోడలు చెబితే గానీ తెలియలేదు. నాతో మాత్రం "నాకేవయిందిరా, గుండ్రాయిలా ఉన్నాను" అన్నారు.

ఈ గోలకి లాకుల తాతగారు వచ్చారు. మన వీధికి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చెబుతున్నాను, ఆయన కాలవల మీద లస్కరుగా చేసి రిటైరయ్యారు. లాకు తలుపులూ షట్టర్లూ ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. వచ్చీ రాగానే నోట్లో వెలుగుతున్న చుట్ట తీసి కాలవలోకి విసిరేశారు. ఎందుకో అర్థం కాలేదు. "తాళం తీసెయ్యి ముందు. పెట్రోలు కారుతోంది కనపట్టం లేదా?" అన్నారు. నిజమే, ట్యాంకు మూత దగ్గర చుక్క చుక్కగా కారుతోంది. నొప్పిలో నాకు ఆ వాసనే తెలియలేదు.

కుంటుకుంటూ వెళ్ళి హ్యాండిల్ పట్టుకుని వంగబోతే చేతి మీద ఒక్కటిచ్చారు. "నడుంతో కాదురా, తొడలతో ఎత్తాలి." నన్ను అవతలి వైపు నిలబెట్టి మా తమ్ముణ్ణి పిలిచారు. బండి దొర్లకుండా గేర్లో వేయించారు. హ్యాండిల్ ఆఖరిదాకా తిప్పించి, సీటుకి వీపు ఆనించి గొంతుక్కూర్చోమన్నారు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి వెనక గొట్టం మీద. వాడు వీపు నిటారుగా ఉంచి, నేలని కాళ్ళతో తన్నుతూ చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తుంటే బండి దానంతటదే లేచినట్టు లేచింది. జోరు ఎక్కువై అటు పడిపోకుండా ఆపడమే నా పని. వాడు బక్కపలచటి మనిషి, మీ అందరికీ తెలుసు.

ఇంకెవరైనా అయితే మెకానిక్‌కి ఇచ్చెయ్యమని చెప్పి వెళ్ళిపోయేవారు. తాతగారు "అయితే సీలు ఎప్పుడు మారుస్తావు?" అని అడిగారు.

జాకీ కోసం వెతికితే ఊళ్ళో ఒకరి దగ్గర ఆయిల్‌తో పనిచేసే బాటిల్ జాకీ దొరికింది. తాతగారు దాన్ని ముట్టుకోనివ్వలేదు. లోపల సీలు అరిగితే అది నెమ్మదిగా దిగిపోతుంది, మనం కింద చెయ్యి పెట్టాక ఆ సంగతి తెలుస్తుంది. "ఒక సీలు పోయిందని ఏడుస్తూ ఇంకో సీలుని నమ్ముతావా?" అన్నారు. ఆయనకి స్క్రూ జాకీయే కావాలి. తిప్పితేనే ఎక్కుతుంది, తిప్పితేనే దిగుతుంది, బరువు పడినంత మాత్రాన వెనక్కి తిరగదు. షట్టర్లకి ఉండేదీ స్క్రూయేనట. కాలవ నిండా నీళ్ళు నెట్టుకొస్తున్నా పిడి వదిలేసి నిశ్చింతగా చుట్ట కాల్చుకునేవాణ్ణి అన్నారు.

కాకినాడలో ఉండే నా మిత్రుడు ఆ మాట ఫోన్లో విని, తన కారు జాకీ సంచిలో వేసుకుని, కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటెక్కి మధ్యాహ్నం భోజనాల వేళకి దిగాడు. ఒరేయ్, నీకు ఇక్కడ థాంక్స్ చెబితే తిడతావని తెలుసు. అయినా చెబుతున్నాను.

ఈసారి బండి చప్టా మీదకి చేరింది. వెనక చక్రం కింద ముప్పావు అంగుళం చెక్క పలక పెట్టించారు. దాని వల్ల ఎత్తాల్సిన ఎత్తు అంత మేర తగ్గుతుంది, ఇంకే కిటుకూ లేదు. స్టాండు రెండు కాళ్ళూ నేలకి సమంగా తగిలాక ఒంటి బరువంతా పాదం మీద వేసి తొక్కమన్నారు. టక్కున ఎక్కి కూర్చుంది. పొద్దున్న నేను రెక్కలు విరిగేలా లాగింది ఈ బండినేనా అనిపించింది. స్టాండు వెనక్కి మడిచిపోకుండా దానికీ ముందు ఫ్రేముకీ కలిపి కట్టాలి. నేను కొబ్బరి తాడు తెస్తే సాగుతుందని పక్కన పడేసి, లారీవాళ్ళు లోడుకి బిగించే పట్టీ తెప్పించారు. కోనసీమలో కొబ్బరి తాడుని కాదన్న మొదటి మనిషి ఈయనే అయ్యుంటారు. బండి కదలకుండా ముందు బ్రేకు లివరు కూడా సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టారు.

జాకీకీ ఇంజిన్‌కీ మధ్య చెక్కముక్క పెట్టి, ఆయిల్ బోల్టు మీదా సైలెన్సర్ వంపు మీదా బరువు పడకుండా చూసి, చక్రం నేలకి నాలుగు వేళ్ళ ఎత్తు లేచేదాకా తిప్పాం. నేను పానా తీసుకోబోతే "ఆగు" అని, జాకీ పక్కనే ఇంజిన్ కింద టేకు దుంగలు పేర్పించారు. ఎత్తడానికి జాకీ, మొయ్యడానికి దుంగ. తర్వాత తనే హ్యాండిల్ పట్టుకుని బండిని అటూ ఇటూ గట్టిగా ఊపి చూసి, అప్పుడు నా చెయ్యి లోపల పెట్టనిచ్చారు.

ఇక్కడ ఇంకో మనిషికి కూడా కృతజ్ఞతలు చెప్పాలి. ఏడో తరగతి చదివే మా అన్నయ్య కూతురు టార్చి పట్టుకుని చూస్తోంది. చక్రం ఇరుసు (యాక్సిల్) లాగాం, చక్రం రాదు. నేనూ తమ్ముడూ చెరో వైపు పీకుతున్నాం. "బాబాయ్, బ్రేకు కట్టేసే ఉంది కదా, ఎలా వస్తుంది?" అంది. తాతగారు నవ్వడం నేను చూడటం అదే మొదలు, ఎందుకంటే కట్టింది ఆయనే. ట్యూబు విప్పాక చక్రం చేతిలోకి వచ్చేసింది. ఆ తర్వాత ఎవరూ లివరు నొక్కకుండా, పొరపాటున నొక్కినా బ్రేకు పిస్టన్లు బయటికి తన్నకుండా, బ్రేకు ప్యాడ్ల మధ్య అట్టముక్క దూర్చాం. సీలు మార్చి ఆయిల్ పోయడానికి రెండు గంటలు పట్టింది. దాని గురించి చెప్పడానికేం లేదు.

తాతగారికి ఏదో ఇవ్వబోతే మొహం తిప్పుకున్నారు, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నిన్న సాయంత్రం తనే వచ్చి, తాను పనిచేసిన లాకుల దగ్గరికి ఒకసారి బండి మీద తీసుకెళ్ళమన్నారు. ఆదివారం పొద్దున్నే బయల్దేరుతున్నాం. ఆయన ఎక్కేటప్పుడు మాత్రం తమ్ముడు అవతలి వైపు నిలబడాలట.