చీటీ లేకుండానే చేతికొస్తున్న స్టెరాయిడ్ ట్యూబు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఎండలు ముదిరాయంటే మా ఏనుమాముల మార్కెట్ హమాలీలకు తామర మొదలవుతుంది. మిర్చి బస్తాలు మోసిన చెమట బనీను, లుంగీ పొద్దుగూకేదాకా ఒంటి మీదే తడుస్తాయి, ఒంటి మీదే ఆరతాయి. గజ్జల్లో, నడుం చుట్టూ ఎర్రగా గుండ్రటి మచ్చలు లేస్తాయి. ఎవర్నడిగినా ఒకటే వైద్యం: "మెడికల్ షాపుకు పోయి దురద ట్యూబు అను, ఇస్తడు."

నేను అడ్తి దుకాణంలో గుమాస్తాను. నీడపట్టు పనే అయినా నాకూ అంటింది, ట్యూబు తెచ్చుకున్నా. మూడో రోజుకు దురద లేదు, ఎరుపు లేదు. మానేసిన వారానికి మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకా వెడల్పుగా. మళ్లీ ట్యూబు. ఇట్లా ఐదు నెలలు. చివరికి తొడ లోపలి చర్మం ఉల్లిపొర లెక్క పలచబడి, కాన్పయిన ఆడవాళ్ల పొట్ట మీద ఉండేలాంటి చారలు పడ్డాయి. ఈలోపు ఇంట్లో అందరికీ అంటింది. చిన్నపాప మెడకు కూడా అదే ట్యూబు రాశాం. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చర్మ డాక్టరు ఆ ట్యూబు తిప్పి చూపించారు. కంటికానని ఇంగ్లీషు అక్షరాలను ఫోన్ కెమెరాలో పెద్దవి చేసి చదివా: క్లోబెటసాల్, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినాఫిన్. తామర అంటే చర్మానికి పట్టే బూజు. నాలుగింటిలో దాని మీద పనిచేసేది చివరిదొక్కటే. మధ్య రెండింటికీ తామరతో పనే లేదు. మొదటిది స్టెరాయిడ్, అదీ బాగా ఘాటైన రకం. ఒంటి ప్రతిఘటనను అది అణిచేస్తుంది గనుక మంట, దురద పోతాయి, బూజు మాత్రం నిమ్మళంగా పాకుతుంది. గుండ్రటి అంచు చెరిగిపోయాక అది తామరో కాదో డాక్టర్లకే ఓ పట్టాన తెలియదట.

స్టెరాయిడ్ చెడ్డదని నేననడం లేదు. ఎగ్జిమా, సోరియాసిస్ లాంటి చర్మ జబ్బులకు డాక్టర్లు రాసేది అదే. చీము పట్టిన ఎగ్జిమాకు యాంటీబయాటిక్ కలిపిన స్టెరాయిడ్ పూత కూడా రాస్తారు, కాకపోతే కొద్ది రోజులకే. క్లోబెటసాల్ అయితే వరసగా రెండు వారాలు, వారానికి 50 గ్రాములు మించకూడదు. నాకు ట్యూబులిచ్చిన షాపులో ఎన్ని రోజులు రాయాలో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదనుకోండి.

చట్టం లేక కాదు. 2018 మార్చిలోనే కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతమందులకు చీటీ అక్కర్లేదన్న మినహాయింపు తీసేసి షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. అయినా పెళ్లిళ్ల సీజనులో రంగు తేలడానికని ఆడపిల్లలు మొహానికి రాసుకునే ట్యూబులూ ఇట్లాంటివే, చీటీ లేకుండానే దొరుకుతున్నాయి.

తనిఖీలు జరగాలి, సరే. ట్యూబు మీద "స్టెరాయిడ్ ఉంది, తామరకు రాయొద్దు" అని తెలుగులో పెద్దక్షరాలతో ఉంటే సగం మంది ఆగుతారు. ఇంకో సంగతి. ఎంజీఎం పెద్దాసుపత్రికి పోదామంటే హమాలీకి ఒక పూట కూలి పోతుంది, అందుకే షాపుకు పోతాడు. మిర్చి వచ్చే నెలల్లో వారానికొక పూట చర్మ డాక్టరును మార్కెట్ యార్డుకే పంపాలని అధికారులను కోరుతున్నాను. బస్తాలు దించే షెడ్డులో ఒక బల్ల, రెండు కుర్చీలు మేమే వేస్తాం.

– ఒక అడ్తి గుమాస్తా, ఏనుమాముల, వరంగల్