కొండవైపు గోడ: అడ్వాన్స్ ఇచ్చే ముందు చదవండి

అందరికీ నమస్కారం. వెనక వరుస ఇళ్ల మీదికి మట్టి జారకుండా కట్టబోయే రిటైనింగ్ వాల్‌కి మేస్త్రీగారు ఇచ్చిన అంచనా చూశాను. రాయి, సిమెంటు, కూలి అన్నీ రాశారు. నీళ్లు బయటికి పోయే దారి మాత్రం ఎక్కడా లేదు. అది తేలేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దని నా మాట.

గోడను తోసేది మట్టి ఒక్కటే కాదు. వానకు వెనకాల నీళ్లు నిలిస్తే ఆ ఒత్తిడీ తోడవుతుంది. ఎండాకాలమంతా నిక్షేపంగా ఉన్న గోడ ముసురు పట్టగానే పొట్ట ఉబ్బేది అందుకే. 2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవం నాడు వానకు కొత్త గోడ కూలి ఏడుగురు పోయారు, గుర్తుందిగా.

గోడ వెనక అడుగు మందాన 40 ఎంఎం కంకర పోయాలి. ఆరడుగులకొకటి చొప్పున 3 అంగుళాల పైపు, బయటికి కాస్త వాలుగా, లోపలి మూతికి జాలీ కట్టి పెట్టాలి. తవ్విన బంకమట్టినే మళ్లీ నింపుతామంటే ఒప్పుకోకండి (లారీ కిరాయి మిగిలేది వాళ్లకే!). రాతి గోడకు అడుగుభాగం వెడల్పు ఎత్తులో సగానికి తగ్గకూడదు. మనది ఎనిమిదడుగులు కాబట్టి ఇంజినీరు డ్రాయింగ్ ఉండాల్సిందే. ఇంకోటి, వాలు అంతా ఒకేసారి తవ్వనివ్వకండి, ముక్కలు ముక్కలుగా తవ్వి కట్టుకుంటూ పోవాలి.

ఆదివారం సాయంత్రం మేస్త్రీగారు వస్తున్నారు. వెనక వరుస వాళ్లు తప్పకుండా రండి.