బీము కొట్టి పైపు వేయం: మా కస్టమర్లకు ఒక మాట

అందరికీ నమస్కారం. కర్నూలులోనూ, కోడుమూరు, వెల్దుర్తి, ఓర్వకల్లు వైపూ మా చేత ప్లంబింగ్ పని చేయించుకున్నవాళ్ళకు, ఇప్పుడు ఇల్లు కడుతూ మా దగ్గర కొటేషన్ తీసుకున్నవాళ్ళకు ఇది రాస్తున్నాను. భూకంపం వస్తే ఇల్లూ పైపులూ తట్టుకోవాలని ఈ నెల నుంచి మా పని పద్ధతి మార్చాం. దానివల్ల బిల్లు కాస్త పెరుగుతుంది. కొన్ని పనులు ఎంత డబ్బిస్తామన్నా ఒప్పుకోం. కారణం చెప్పకుండా రేటు పెంచడం మర్యాద కాదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

2024 డిసెంబర్ 4న పొద్దున్నే ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించింది. తెలంగాణలోనూ, మన రాష్ట్రంలోనూ చాలా ఊళ్ళలో ఆ కదలిక తెలిసింది. అప్పటినుంచి షాపుకు వచ్చినవాళ్ళు టీవీలో ఎక్కడ భూకంపం వార్త వచ్చినా అడుగుతున్నారు: "అన్నా, మనకేమైనా భయముందా?"

భూకంపాలను తట్టుకునేలా ఇళ్ళు ఎలా కట్టాలో చెప్పే ఐ.ఎస్. 1893 ప్రమాణం (2016 నాటిది) దేశాన్ని 2 నుంచి 5 దాకా నాలుగు జోన్లుగా చూపింది. ఆ ప్రమాణంలో కర్నూలు జోన్ 2, అంటే అన్నిటికంటే తక్కువ ప్రమాదం ఉన్నది. ఇంతవరకు వింటే ఎవరికైనా ధైర్యంగానే ఉంటుంది. కానీ ఒకప్పుడు జోన్ 1 కూడా ఉండేది. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలో లాతూరు జిల్లా కిల్లారి దగ్గర భూకంపం వచ్చింది. పాత మ్యాపులో ఆ ప్రాంతం ఆ జోన్ 1లోనే ఉంది. దాదాపు పది వేల మంది నిద్రలోనే పోయారు. 2002లో ప్రమాణాన్ని సవరించినప్పుడు జోన్ 1ని ఎత్తేసి 2లో కలిపేశారు. కిల్లారి మనకు ఎక్కడో లేదు. మ్యాపు మీద గీత గీస్తే 300 కిలోమీటర్ల లోపే.

అక్కడ అంతమందిని చంపింది భూమి కాదు, ఇళ్ళు. బురదతో పేర్చిన మందపాటి రాతి గోడలు, వాటి మీద మట్టి పోసిన బరువైన మిద్దెలు. మన పాతబస్తీలో, పత్తికొండ, ఆదోని వైపు పల్లెల్లో ఇప్పటికీ జనం కాపురముంటున్న మిద్దెలు అలాంటివే. అందుకే నేను భయపెట్టనూ లేను, "ఏం కాదులే" అనీ చెప్పలేను. తక్కువ ప్రమాదం అంటే ప్రమాదం లేదని కాదు.

ఇందులో ప్లంబర్‌కు ఏం సంబంధం అని మీరు అడగొచ్చు. చాలా ఉంది.

ఈమధ్య నంద్యాల చెక్‌పోస్ట్ వైపు ఒక కొత్త ఇంటికి బాత్రూం ఫిట్టింగులకని వెళ్ళాం. పైపులు అంతకుముందే వేరేవాళ్ళు వేసిపోయారు. కింది గదిలో నిలబడి పైకి చూస్తే, లెట్రిన్ లైను కోసం బీమును అడుగువైపు నుంచి సగం దాకా కొట్టేసి ఉంది. నాలుగంగుళాల పైపు అందులోంచి పోతోంది. అడుగు కమ్మి ఒకదాన్ని గ్రైండర్‌తో కోశారు, తెగిన కొస పైపును ఆనుకొని తుప్పు రంగులోకి తిరుగుతోంది. కమ్ములను చుట్టి కట్టే రింగులు రెండు తెగి బయటికి వంగి ఉన్నాయి. పైన సిమెంటు పూసి, ఫాల్స్ సీలింగ్ వేస్తే ఇక ఎవరికీ కనపడదు. ఓనరమ్మకు ఫోన్‌లో ఫోటో తీసి చూపిస్తే, "పైపు పోవాలంటే అంతే కదా అనుకున్నాం" అంది. ఆమె తప్పేమీ లేదు, అలా కాకుండా ఇంకో దారి ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మామూలు రోజుల్లో ఆ బీము నిలబడితే నిలబడొచ్చు. భూమి అటూ ఇటూ ఊగినప్పుడు పిల్లర్లూ బీములూ కలిసే చోటే ఎక్కువ ఒత్తిడి పడుతుంది. అక్కడ కమ్మి తెగి ఉంటే కాంక్రీటు ఒక్కటే ఆపలేదు. ఇంజనీరు ఎంత బాగా గీసినా, బేల్దారి ఎంత జాగ్రత్తగా కట్టినా, చివర్లో వచ్చే ప్లంబర్ ఒక్క పూటలో దాన్ని పాడుచేయగలడు. కాబట్టి ఇకమీద మా వాళ్ళెవరూ బీమును గానీ పిల్లర్‌ను గానీ కొట్టరు, కోర్ కటింగ్ (మిషన్‌తో గుండ్రంగా రంధ్రం కోయడం) చేయరు, కమ్మి ముట్టుకోరు. వాననీటి పైపును పిల్లర్ లోపల పెట్టి కాంక్రీటు పోయడానికీ ఒప్పుకోం. బయటికి కనపడకుండా అందంగా ఉంటుందని చాలామంది అడుగుతారు, కానీ పైపు ఉన్నంత మేర పిల్లర్ ఖాళీయే. అది లోపల లీకైతే కమ్మి కుళ్ళేది బయటికి తెలియదు కూడా.

మరి పైపు ఎలా పోవాలి? స్లాబ్ వేయకముందే మమ్మల్ని పిలవాలి. పైపు దిగే చోట దానికంటే పెద్ద సైజు పైపు ముక్కను స్లీవ్‌గా సెంట్రింగ్ మీదే పెట్టేస్తాం. నాలుగంగుళాల లైనుకు ఆరంగుళాల స్లీవ్. బీముకు దూరంగా, ఇంజనీరు చూపించిన చోటే పెడతాం. తర్వాత మధ్య సందును సిమెంటుతో కాకుండా మెత్తటి సీలెంట్‌తో నింపుతాం. గోడ కదిలినా పైపు మీద బలం పడదు. నల్లరేగడి నేలల్లో కట్టుకునేవాళ్ళకు భూకంపం రాకపోయినా ఇది పనికొస్తుంది. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్ళిచ్చి కుంగుతుంది. పునాది గోడలో సిమెంటుతో బిగించిన పైపు సరిగ్గా గోడ అంచు దగ్గరే విరుగుతుంది. మాకు వచ్చే లీకేజీ ఫోన్లలో ఇలాంటివి తక్కువేం కాదు.

పునాది నుంచి సంపు దాకా భూమిలో వేసే లైనుకు వీలైన చోటల్లా హెచ్.డి.పి.ఇ. (గట్టి పాలిథిలిన్) చుట్ట పైపు వాడతాం. 1995లో జపాన్‌లోని కోబె భూకంపంలో ఇలాంటి పాలిథిలిన్ గ్యాసు పైపులు బాగా తట్టుకున్నాయి, పాత ఇనుప లైన్లు మాత్రం చాలాచోట్ల విరిగాయి. అతుకులు తక్కువ, వంగే గుణం ఎక్కువ. మన దగ్గర ఇది రైతులకు బాగా తెలిసిన పైపే.

ఇక టెర్రస్ మీద ట్యాంకు. నన్ను అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ళ బరువే ఒక టన్ను. షవర్‌లో నీళ్ళు జోరుగా రావాలని దాన్ని ఇంకా ఎత్తులో పెడతారు. మన ఊళ్ళో ఎక్కువగా కనపడేది: నాలుగు ఇటుక దిమ్మెలు, వాటి మీద అడ్డంగా బేతంచెర్ల నాపరాళ్ళు, ఆ రాళ్ళ మీద ట్యాంకు. రాయికీ దిమ్మెకూ మధ్య పలచటి సిమెంటు తప్ప పట్టు లేదు. ట్యాంకును దేనికీ కట్టరు. బరువు కిందికే పనిచేసినంత కాలం బాగానే ఉంటుంది. పక్కకు ఊగితే రాయి జారుతుంది, లోపలి నీళ్ళూ ఊగి తోపు ఇంకా పెరుగుతుంది. ఆ టన్ను బరువు మెట్ల మీద పడుతుందో పక్కింటి రేకుల మీద పడుతుందో చెప్పలేం.

2016 నాటి ఐ.ఎస్. 1893లో దీనికి నియమం ఉంది. కప్పు పైన నిలబెట్టే ట్యాంకుల్లాంటి వాటిని, ఇంటికి లెక్కగట్టే భూకంప గుణకానికి (బరువులో ఎన్నో వంతు బలం పక్కనుంచి నెడుతుందో చెప్పే అంకెకు) ఐదు రెట్లకు తట్టుకునేలా చూసుకోమంటుంది. జోన్ 2లో మామూలు పిల్లర్ల ఇంటికి ఆ లెక్క వేస్తే ట్యాంకు బరువులో ఐదో వంతు వస్తుంది. అంటే వెయ్యి లీటర్ల ట్యాంకును పక్కనుంచి 200 కిలోల బలం నెట్టినా కదలకూడదు. తక్కువ ప్రమాదం ఉన్న మన జోన్‌కే ఇంత.

అందుకని నాపరాళ్ళ దిమ్మెల మీద మేము ట్యాంకు ఎక్కించం. పిల్లరూ బీమూ కలిసే చోట, బీము పైన తక్కువ ఎత్తు కాంక్రీటు దిమ్మె పోయించి, ట్యాంకు అడుగంతా సమంగా ఆనేలా పెట్టి, చుట్టూ యాంగ్లర్ ఫ్రేము బోల్టులతో బిగిస్తాం. ట్యాంకు నుంచి దిగే లైనుకు మొదట వంగే పైపు ముక్క ఒకటి వేస్తాం, ట్యాంకు అంగుళం కదిలినా నిపుల్ దగ్గర విరగకుండా. ఫ్రేముకు, వెల్డింగ్‌కు కలిపి నాలుగైదు వేలు అదనంగా అవుతుంది. ఎత్తు తగ్గుతుంది కాబట్టి పై అంతస్తు షవర్‌లో నీళ్ళ జోరూ తగ్గుతుంది, ఈ మాట ముందే చెప్తున్నాను. జోరు కావాలంటే చిన్న ప్రెషర్ పంపు పెట్టుకోవచ్చు, దానికి కరెంటు ఖర్చు ఉంటుంది. ఈ విషయంలోనే ఇద్దరు ముగ్గురు మంచి కస్టమర్లు వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళారు. బాధగానే ఉంది, అయినా మార్చను.

మట్టి మిద్దెల మీద పెద్ద ట్యాంకు అసలే వద్దు. ఆ ఇళ్ళకు కప్పు బరువే ముప్పు. కింద నేల మీద ట్యాంకు పెట్టి చిన్న మోటారుతో నడిపిద్దాం. ఆ మిద్దెల గోడలను గట్టిపరచడం మా పని కాదు, దానికి ఇంజనీరును చూపించుకోండి.

గీజర్లు, సోలార్ హీటర్ల సంగతి కొంచెం చెప్పాలి. పాతిక లీటర్ల గీజరు నీళ్ళతో కలిపి ముప్పై కిలోల పైమాటే. సగం ఇళ్ళలో అది చెక్క గుల్లిలో దిగిన రెండు స్క్రూలకు వేలాడుతోంది, కింద స్నానం చేసేది పిల్లలు. కాలిఫోర్నియాలో వేడినీళ్ళ ట్యాంకును పై భాగంలో ఒక పట్టీ, కింది భాగంలో ఒక పట్టీ వేసి గోడకు బిగించి తీరాలని చట్టమే ఉంది. వాళ్ళవి నేల మీద నిలబడేవి, మనవి గోడకు వేలాడేవి, కాబట్టి వాళ్ళ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. మా పద్ధతి ఇది: తొమ్మిదంగుళాల ఇటుక గోడైతే యాంకర్ ఫాస్టెనర్లు, నాలుగంగుళాల గోడ, తేలిక బ్లాకుల గోడ అయితే అవతలి వైపు ఇనుప ప్లేటు పెట్టి ఆరపార బోల్టు. నీళ్ళ కనెక్షన్లకు వేడికి తట్టుకునే అల్లిక పైపులు వాడతాం. సోలార్ స్టాండు కాళ్ళను ఇటుకల మీద ఊరికే నిలబెట్టకుండా కాంక్రీటు దిమ్మెలకు బోల్టు వేస్తాం. మన జూన్ గాలులకు ఎగిరిపడిన సోలార్ ప్యానెళ్ళను చూసినవాళ్ళకు ఈ బోల్టు విలువ చెప్పక్కర్లేదు.

పైపు విరిగితే నీళ్ళేగా పోయేది అనుకోకండి. 1994 జనవరిలో కాలిఫోర్నియాలోని నార్త్‌రిడ్జ్ భూకంపంలో ఆలివ్ వ్యూ ఆసుపత్రి భవనం చక్కగా నిలబడింది. 1971లో దెబ్బతిన్నాక గట్టిగా తిరిగి కట్టినది అది. కానీ లోపలి నీటి లైన్లు విరిగి అంతస్తులు తడిసిపోవడంతో రోగులను బయటికి తరలించాల్సి వచ్చింది. పిల్లర్ల గురించి చెప్పడానికి మన పుస్తకాల్లో బోలెడుంది, ఇంటి పైపుల గురించి చెప్పేవాళ్ళు తక్కువ. మా వంతుగా ఆ ఖాళీని పూడ్చాలన్నది నా పట్టుదల.

రింగుల గురించి కూడా ఒక మాట, మా పని కాకపోయినా. స్లీవ్‌లు పెట్టడానికి స్లాబ్ ముందు వచ్చినప్పుడు కమ్మి కట్టింది మా కంటికి కనపడుతుంది. భూకంపాన్ని తట్టుకునేలా కమ్మి ఎలా కట్టాలో చెప్పే ఐ.ఎస్. 13920 (2016 నాటిది) ప్రకారం రింగు కొసలు 135 డిగ్రీలు వంగి కాంక్రీటు లోపలికి పోవాలి. చాలా సైట్లలో 90 డిగ్రీలకే ఆపేస్తారు, ఊగినప్పుడు అవి విచ్చుకుంటాయి. జోన్ 2లో ఆ ప్రమాణం తప్పనిసరి కాదు, అది నిజమే. అయినా కమ్మి ఖర్చు పెద్దగా పెరగదు, వంచేవాడి ఓపికే కావాలి. మేము చూస్తే ఓనరుకు చెప్తాం. మేస్త్రీలకు కోపం వస్తోందని తెలుసు. వాళ్ళతో గొడవ పెట్టుకోం, కానీ చెప్పడం మానం. అలాగే కింద మొత్తం పార్కింగుకు వదిలి పైన గోడలు కట్టే అపార్టుమెంట్లవాళ్ళు, 2001 జనవరి 26న భుజ్ భూకంపానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అలాంటి భవనాలు ఎలా కూలాయో మీ ఇంజనీరునే అడగండి.

రేట్ల విషయం. పాత కొటేషన్ ఇచ్చి అడ్వాన్సు తీసుకున్న పనులకు ఒక్క రూపాయి పెంచం, కొత్త పద్ధతిలోనే చేస్తాం. కొత్త పనులకు ప్లంబింగ్ లేబర్, మెటీరియల్ కలిపి సుమారు పదో వంతు పెరుగుతుంది. పని కూడా కొంచెం ఆలస్యమవుతుంది, స్లాబ్‌కు ముందు ఒకసారి, గోడలు లేచాక ఒకసారి రావాలి కాబట్టి. స్ట్రక్చరల్ డ్రాయింగ్ ఉన్నవాళ్ళు దాని జిరాక్సు మాకివ్వండి. అది మున్సిపల్ ఫైల్లో ఉండి సైటులో లేకపోతే మాకు బీము ఎక్కడుందో తెలియదు.

పాత కస్టమర్లకు ఖర్చు లేని పని ఒకటి. మీ టెర్రస్ మీద ట్యాంకు అడుగు భాగం, బాత్రూంలో గీజరు వెనక భాగం ఫోటోలు తీసి షాపు వాట్సాప్‌కు పంపండి. అర్జంటుగా మార్చాల్సినవి ఏవో చూసి చెప్తాం, దానికి డబ్బు తీసుకోం. మార్పించుకోవడం మా చేతే అవ్వాలనీ లేదు. ఈలోపు మెయిన్ వాల్వు ఎక్కడుందో, గ్యాసు రెగ్యులేటరు ఎలా ఆపాలో ఇంట్లో అందరికీ, పిల్లలకూ చూపించి ఉంచండి. తుప్పుపట్టి తిరగని గేట్ వాల్వు ఉంటే చెప్పండి, ఒక పూటలో వచ్చి చేత్తో తిప్పితే మూసుకునే బాల్ వాల్వు బిగించి వెళ్తాం.